అత్తెసరా, వార్చిన అన్నమా? ఆహార నిపుణుల శిక్షణలో తెలుగు

కీలకపదాలు: పథ్యం, ఆహార నిపుణులు, వృత్తి విద్య, వంటపదజాలం, కృష్ణా డెల్టా

కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే కళాకారుడొకరు రక్తపోటుతో విజయవాడ ఆసుపత్రికి వెళ్ళాడనుకుందాం. ఆహార నిపుణురాలు "ఉప్పు ఎంత వాడతారు?" అని అడుగుతుంది. "కూరల్లో తక్కువేనమ్మా" అని అతడంటాడు. అది అబద్ధం కాదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, మజ్జిగలో నంజుకొనే ఊరమిరపకాయ ద్వారా లోపలికి పోయే ఉప్పును తెలుగిళ్ళలో సాధారణంగా ఉప్పు లెక్కలో వేయరు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 5 గ్రాములు దాటవద్దంటున్నాయి. ఆ హద్దు చికిత్సలో అమలు కావాలంటే ముందు ప్రశ్న సరిగా ఉండాలి.

వంటింటి వివరం వైద్యాన్ని నిర్ణయించిన సందర్భం ఈ తీరానికి కొత్త కాదు. కృష్ణా డెల్టా భాగంగా ఉన్న ఉత్తర సర్కారులు బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. 1835లో మద్రాసులో వెలువడిన మాల్కమ్‌సన్ గ్రంథం ఆ వ్యాధి గురించినదే. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగమే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. బియ్యాన్ని తెల్లగా మరపట్టడం, పదేపదే కడగడం, గంజి వార్చడం అనే మూడు పనుల్లోనూ థయామిన్ నష్టమవుతుంది. కాబట్టి "అన్నం తింటారా?" అన్న ప్రశ్న చాలదు. అత్తెసరా, వార్చిన అన్నమా అని అడగాలి. వార్చిన గంజిని పారబోస్తారా, తాగుతారా అన్నదీ తెలియాలి. ఈ తేడా తెలుగులో ఒక్క మాటతో తేలిపోతుంది. ఆంగ్ల పాఠ్యపుస్తకంతో చదువుకున్న విద్యార్థికి ఆ మాట ఎదురుపడే అవకాశం తక్కువ.

ఐరోపా దేశాల ఆహార నిపుణుల సంఘాలు 1978లో సమాఖ్యగా ఏర్పడి, 2005లో విద్యకు ఉమ్మడి ప్రమాణాలను రూపొందించుకున్నాయి. తరగతి చదువుతోపాటు పర్యవేక్షణలో సాగే క్షేత్ర శిక్షణకూ వాటిలో చోటుంది. భారతదేశంలో ఈ వృత్తికి దేశవ్యాప్త చట్టబద్ధత 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టంతోనే వచ్చింది. ఆరోగ్య సంరక్షణ వృత్తినిపుణులకు ఆ చట్టం నిర్దేశించిన కనీస చదువు 3600 గంటలు. అందులో రోగి భాషకు ఎన్ని గంటలు కేటాయించాలన్నది పాఠ్యప్రణాళికలు తేల్చవలసిన విషయం.

2017లో వెలువడిన భారతీయ ఆహార సంఘటన పట్టికలు 528 ఆహార పదార్థాల పోషక విలువలతోపాటు వాటి దేశభాషా నామాలనూ ఇచ్చాయి. ఇది మేలైన పనే. అయితే నామవాచకాలు సగం దారే చూపుతాయి. తాలింపు, వేపుడు, ఇగురు, పులుసు అన్న మాటల్లో నూనె, నీరు, నిప్పు పాళ్ళు ఇమిడి ఉన్నాయి. గిద్ద, సోల, తవ్వ, మానిక లెక్కలు పెద్దవాళ్ళ నోట ఇంకా వినిపిస్తాయి. "వేడి చేస్తుంది", "వాతం" అంటూ మానేసిన కూరగాయల జాబితా ప్రతి ఇంటికీ ఉంటుంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే నిపుణురాలికి రోగి రెండోసారి నిజం చెప్పడు.

ఇక్కడ తెలుగు శాఖలు చేయవలసిన పని కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశాన్ని వెలువరించింది. అదే పద్ధతిలో జిల్లాలవారీగా వంటపదాలను సేకరిస్తే భాషాపరిశోధనతోపాటు వైద్యశిక్షణకూ అది ఆకరమవుతుంది. కొండపల్లి రోగి విషయంలోనే చూస్తే, అతడి ఇంట ఉప్పు లెక్క చెప్పగలిగేది పచ్చడి పెట్టిన ఇల్లాలు. "మొన్న వేసవిలో ఆవకాయకు ఉప్పు ఎన్ని సోలలు పోశారు, తినేవారు ఎంతమంది?" అని అడిగితే ఆమె తడుముకోదు.