గుడ్డ నుండి దుస్తుల వరకు

కూడు, గూడు, గుడ్డ మానవుని కనీస అవసరాలు. చీరను, పంచెను మగ్గం నుండి దించి అలాగే కట్టుకోవచ్చు. చొక్కా, రవిక అటువంటివి కావు. బల్లపరుపుగా ఉండే గుడ్డను వంపులు గల శరీరానికి ఒదిగేటట్లు మలచాలి. ఆ పని చేసేవాడే దర్జీ.

నేతలో నిలువు దారాలను పడుగు అనీ, అడ్డు దారాలను పేక అనీ అంటారు. ఈ రెండు దిక్కులా గుడ్డ అంతగా సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది. కాబట్టి చొక్కా ముందు, వెనుక భాగాలను సాధారణంగా పడుగు వెంబడి కత్తిరిస్తారు. రవిక మెడ వంపుకు వేసే పట్టీని మాత్రం ఐమూలగా తీస్తారు. అది వంపుతోపాటు తానూ వంగుతుంది.

నూలు గుడ్డ తొలి ఉతుకులో కొంత కుంచించుకుపోతుంది. అందుచేత ముందుగా దానిని తడిపి ఆరవేయాలి. పిమ్మట కొలతల ప్రకారం సుద్దతో గీతలు గీసి, కుట్లకు కొంత గుడ్డ అదనంగా విడిచి కత్తిరించాలి. తప్పు పడిన కుట్టును విప్పి సరిచేయవచ్చు. కత్తెర పడిన గుడ్డను తిరిగి అతికించలేము. కనుక కత్తెర పట్టడానికి ముందు చేసే ఆలోచనలోనే దర్జీ నేర్పు ఉంది. ఆ తరువాత భుజాలు కలిపి, కాలరు, చేతులు, పక్కలు కుట్టి, అంచులు మడిచి, కాజాలు తీసి గుండీలు వేస్తారు.

1846లో అమెరికాలో ఎలియాస్ హోవే కుట్టుయంత్రానికి పేటెంటు పొందాడు. యంత్రం వచ్చాక కుట్టుపని కర్మాగారాలకు విస్తరించింది. అక్కడ అనేక పొరల గుడ్డను ఒకేసారి కోస్తారు. ఒకరు కాలరు కుడితే మరొకరు చేతులు కుడతారు. అయినా మెత్తని గుడ్డను మడిచి, సవరించి, సూది కిందికి నడపడానికి నేటికీ చాలావరకు మనిషి వేళ్లే కావాలి.

ఆ వేళ్లు గల మనిషిని లోకం తరచు మరచిపోతుంది. బంగ్లాదేశ్‌లో ఢాకా సమీపాన రాణా ప్లాజా అనే భవనంలో పలు దుస్తుల కర్మాగారాలు ఉండేవి. ఒకనాడు గోడలలో పగుళ్లు కనిపించాయి. అయినా మరునాడు కార్మికులను పనికి రప్పించారు. ఆ రోజే, 2013 ఏప్రిల్ 24న, భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు.

మనం తొడుక్కునే ప్రతి చొక్కా వెనుక ఎవరి శ్రమో ఉంది. ఆ శ్రమకు తగిన కూలి, పనిచేసే చోట ప్రాణానికి రక్షణ లభించినప్పుడే మన దుస్తులకు నిజమైన గౌరవం కలుగుతుంది.