పడవకు నెంబరుంది, పనివాడికి లేదు

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దిగువన తీరం దాటిన తుపాను కోనసీమను ఊడ్చేసింది. కూలిన కొబ్బరిచెట్లను లెక్కపెట్టొచ్చు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళ నుంచి రొయ్యల వేటకెళ్ళి తిరిగి రాని కలాసీలనో? వందలమంది!

శవం దొరికితే చావు. దొరక్కపోతే, ఏడేళ్ళు ఆచూకీ లేకుంటేనే చట్టం చచ్చినట్టు లెక్కేస్తుంది. అంతదాకా పిల్లలకు గంజి ఎవరు పోస్తారు?

"ఏ బోటెక్కాడో కాగితం చూపించమన్నారండి. బోటుకైతే నెంబరుంది. మా ఆయన వాటాకి పోయేవోడు, ఆయన పేరెవరు రాశారు?" అంది ఒక అక్క. నాకు జవాబు తోచలేదు.

బోటు కదిలేముందు ఎక్కినవాళ్ళందరి పేర్లూ రాసి, ఆ కాగితం ఒడ్డున ఉంచాలని యజమానుల దగ్గర మనమే పట్టుబట్టాలి. వాటా మాట ఆ తరవాత.