పత్రిక ఆయనది, బిందె ఆమెది

కందుకూరి వీరేశలింగం పంతులు అనగానే మనకి స్కూలు పుస్తకం గుర్తొస్తుంది. సంఘ సంస్కర్త, వితంతు వివాహాలు, యుగకర్త... గడగడా చెప్పేస్తాం. పరీక్షకి అది చాలు. కానీ ఒక్కసారి ఆ బిరుదులన్నీ పక్కన పెట్టి చూడండి. చిన్న ఊళ్లో పత్రిక నడిపిన ఓ మాస్టారు కనిపిస్తారు. ఆయన పక్కనే, పుస్తకాల్లో ఒక్క లైనుకి మించి చోటు దొరకని ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ కూడా.

1874లో ఆయన వయసు 26. రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో హెడ్మాస్టరు. ఒంట్లో చూస్తే చిన్నప్పట్నుంచీ వదలని ఉబ్బసం. అలాంటి మనిషి 'వివేకవర్ధని' అనే పత్రిక మొదలెట్టారు. మొదట్లో అచ్చు వేయించాలంటే మద్రాసు పంపాల్సిందే. అప్పటికి ఇక్కణ్ణుంచి మద్రాసుకి రైలు కూడా లేదు. రాసింది ఎప్పుడు అచ్చయి వస్తుందో అని ఎదురుచూడ్డం ఎన్నాళ్లు? స్నేహితులతో కలిసి ఇక్కడే ప్రెస్సు పెట్టేశారు.

ఇంతకీ ఏం రాసేవారు? కోర్టుల్లో లంచాలు, ప్లీడర్ల మోసాలు, భోగం మేళాల మోజు, డబ్బు తీసుకుని ముసలివాళ్లకి చిన్నపిల్లల్ని కట్టబెట్టే పెళ్లిళ్లు. ఆ చివరి దాని మీద 'బ్రహ్మవివాహం' అనే ప్రహసనమే రాశారు. జనం దాన్ని 'పెద్దయ్యగారి పెళ్లి' అనేవాళ్లు. అందులో మనుషులు అచ్చం ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతారు. గ్రంథాల భాషే భాష అనుకునే రోజుల్లో అది చిన్న విషయం కాదు. 'రాజశేఖర చరిత్రము' నవల కూడా ముందు ఈ పత్రికలోనే సీరియల్‌గా వచ్చింది.

ట్రోలింగ్ మన కాలంలోనే పుట్టిందనుకుంటాం కానీ, ఇది వినండి. మద్రాసులో కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు 'ఆంధ్రభాషా సంజీవని' అనే పత్రిక నడిపేవారు. ఈయనకీ ఆయనకీ పడేది కాదు. వివేకవర్ధనిని వెక్కిరించడానికి ఆయన 'హాస్యవర్ధని' పెట్టారు. ఈయన ఊరుకుంటారా? ఆయన సంజీవనిలోంచి సగం పేరు లాక్కుని 'హాస్యసంజీవని' పెట్టేశారు!

మద్రాసు పండితుడితో గొడవైతే కాగితం మీదే ఉంటుంది. సొంత ఊరి సంగతి వేరు. పట్నం పత్రికలో ఎవరి మీద రాసినా వాళ్లు మళ్లీ ఎదురుపడకపోవచ్చు. చిన్న ఊళ్లో అలా కుదరదు. ఇవాళ ఎవరి లంచం గురించి రాశారో, రేపు పొద్దున వాళ్లే రేవులో కనిపిస్తారు. వాళ్ల బంధువే మన వీధిలో ఉంటాడు. ఇప్పుడు మండలాల్లో పనిచేసే విలేకరుల్ని అడిగినా ఇదే చెప్తారు. కోపం ముందు ఇంటికే వస్తుంది. వీరేశలింగం గారి ఇంట్లో అది వంటింటి దాకా వచ్చింది.

వాళ్ల పెళ్లి 1861లో జరిగింది. ఆయనకి 13 ఏళ్లు, ఆమె ఇంకా చిన్న. పుట్టింట్లో ఆమె పేరు బాపమ్మ. అప్పట్లో అందరి పెళ్లిళ్లూ అలాగే అయ్యేవి, ఇందులో లవ్ స్టోరీ ఏం లేదు. ఉన్నదంతా ఆ తర్వాతే. ఆడపిల్లలకి చదువు కావాలని పత్రికలో రాసిన మనిషి ఇంట్లో భార్యకి అక్షరాలు నేర్పించారు. రాసినదాన్ని ఇంట్లో చేసి చూపించడం, ఆ రోజుల్లో ఎంతమంది చేశారో చెప్పండి.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. పెళ్లికి ఊరు అడ్డుపడకుండా కాలేజీ కుర్రాళ్లు కాపలా కాశారు. అది అందరూ చెప్పే కథే. ఆ ఇంటి పెరట్లో ఏం జరిగిందో మాత్రం తక్కువగా చెప్తారు. కులం వెలేసింది. వంటవాళ్లు మానేశారు. నీళ్లు తెచ్చేవాళ్లు రామన్నారు. చుట్టాలు రాజ్యలక్ష్మమ్మని, ఆయన్ని వదిలేసి వచ్చెయ్యమన్నారు. ఆమె వెళ్లలేదు. బిందె తీసుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చింది. పెళ్లివాళ్లకి తనే వండి పెట్టింది.

గోదావరి నుంచి నిండు బిందె మోసుకుని ఇంటికి నడవడం, అదీ పలకరించే దిక్కు లేని వీధుల్లోంచి. ఒక్కరోజు కాదు. ఆ తర్వాత పెళ్లిళ్లు వరసగా జరిగాయి. తమ ఊళ్లలో దిక్కులేని వితంతువులకి ఆ ఇల్లే పుట్టిల్లయింది. ఈ దంపతులకి పిల్లల్లేరు. వచ్చినవాళ్లందరికీ ఆమే అమ్మయింది.

ఇక్కడ నాకో సందేహం. వెలి అనేది ఆయన రాతలకి పడ్డ శిక్ష. నీళ్లు మోసిందేమో ఆమె. దీన్ని 'ఆదర్శ దాంపత్యం' అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆమెకి అన్యాయం చేసినట్టే. అయితే భర్త మాటకి తలవంచి చేసిన పనిలాగా కూడా ఇది కనిపించదు. పుట్టింటివాళ్లు పిలిచినప్పుడు దారి ఆమె ముందే ఉంది కదా! వెళ్లాలనుకుంటే ఊరంతా మెచ్చుకునేది కూడా.

ఆయనకీ ఆ లెక్క తెలుసు. తన ఆత్మకథలో ఆమెని మరుగున పెట్టలేదు. ఆ కష్టకాలంలో ఆమె ఎలా నిలబడిందో రాశారు. ఆఖరికి ఉన్న ఆస్తంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు.

1910లో రాజ్యలక్ష్మమ్మ పోయారు. పెళ్లయి అప్పటికి 49 ఏళ్లు. తర్వాత తొమ్మిదేళ్లు ఆయన ఒక్కరే. 1919 మే 27న మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావు గారింట్లో కన్నుమూశారు. అప్పటికి 'ఆంధ్ర కవుల చరిత్రము' దిద్దే పనిలో ఉన్నారు.