ఆటపెట్టెకు గొంతు

‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అంటే గుర్తుపట్టనివాళ్లు కూడా ‘ముస్తఫా గేమ్’ అనగానే లేచి కూర్చుంటారు. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసిన ఆ ఆటలో నలుగురు వీరులు. వాళ్లలో ఒకడు ముస్తఫా కైరో. వీడియో గేమ్ షాపుల్లో చివరికి అతని పేరే ఆట పేరైపోయింది. అప్పుడు రూపాయి బిళ్లలు కూడబెట్టుకుని ఆడిన పిల్లలకు ఇప్పుడు నలభై దగ్గరపడుతోంది. వాళ్లలో కొందరు ప్లైవుడ్ కోయించి, పాత మానిటర్ బిగించి, లోపల రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ పెట్టి ఇంట్లోనే ఆర్కేడ్ క్యాబినెట్ కట్టుకుంటున్నారు.

జాయ్‌స్టిక్ ఏది కొనాలి, బటన్ల మధ్య ఎంత దూరం ఉండాలి, పక్క పలకలకు ఏ బొమ్మ అతికించాలి అన్నవాటికి వారాల తరబడి ఆలోచన సాగుతుంది. శబ్దం సంగతి మాత్రం అన్నీ అయ్యాకే గుర్తొస్తుంది. మానిటర్‌లో స్పీకర్లు ఎలాగూ ఉన్నాయి కదా అని సరిపెట్టుకుంటారు. చాలా మానిటర్లలో ఆ స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి. క్యాబినెట్‌లో బిగించాక వాటికి ఎదురుగా ఉండేది చెక్కే. వచ్చే ఆ కాస్త శబ్దమూ పెట్టెలోనే తిరిగి, ముద్దముద్దగా బయటికొస్తుంది.

ఇక్కడ పోయేది చిన్నదేం కాదు. 1978 నాటి ‘స్పేస్ ఇన్వేడర్స్’లో సంగీతం అనదగ్గది నాలుగు మంద్రమైన మోతలే. అవే మళ్లీ మళ్లీ వస్తాయి. శత్రువులు తగ్గేకొద్దీ వాటి వేగం పెరుగుతుంది, ఆడేవాడి గుండె కూడా ఆ లయనే పట్టుకుంటుంది. అదే ఆటను నాసిరకం బుల్లి స్పీకరులో వింటే ఆ మోతల అడుగు ఊడిపోయి ‘టక్ టక్’ మాత్రం మిగులుతుంది. తెర మీద ఆట అదే, ఉత్కంఠ మాత్రం సగమైపోతుంది. ముస్తఫా ఆటదీ ఇలాంటి కథే. క్యాప్‌కామ్ అందులో క్యూసౌండ్ అనే పద్ధతి వాడింది. రెండు స్పీకర్లతోనే, శబ్దం వాటికి అవతలి నుంచి కూడా వస్తున్నట్టు అనిపించేలా చేసే ఏర్పాటది. ఒక్క స్పీకరున్న పెట్టెలో ఆడినవాళ్లకు ఆ సంగతే తెలిసి ఉండదు.

దీనికి అందుబాటులో ఉన్న మంచి పరిష్కారం చిన్న పవర్డ్ స్పీకర్లు, అంటే యాంప్లిఫైయర్ లోపలే ఉన్నవి. విడిగా యాంప్ వెతకనక్కర్లేదు, ఓమ్‌ల లెక్కలు చూసుకోనక్కర్లేదు. కంప్యూటర్ బల్ల మీద పెట్టుకునే జత చాలు. ఉదాహరణకు క్రియేటివ్ పెబుల్ మొదటి మోడల్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. రెండు అంగుళాల స్పీకర్లు, మొత్తం 4.4 వాట్లు. అవి 45 డిగ్రీలు పైకి తిరిగి ఉంటాయి కాబట్టి, ఉన్నవి ఉన్నట్టు తెర మీది అరలో పెడితే శబ్దం నెత్తి మీదుగా వెళ్లిపోతుంది. ఆడేవాడి ముఖం వైపు వంచి బిగించాలి.

4.4 వాట్లు మరీ తక్కువేమో అన్న అనుమానం అక్కర్లేదు. ఆడేవాడు స్పీకరుకు రెండు అడుగుల దూరంలోనే నిలబడతాడు. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కొద్దిపాటి తేడా. అట్ట పెట్టె మీద పీఎంపీఓ అని వేలల్లో కనిపించే అంకెలను పట్టించుకోకూడదు. నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే ఆర్‌ఎమ్‌ఎస్ అంకె ఒక్కటే చూడాలి.

స్పీకరు ఎక్కడుండాలి? పాత ఆర్కేడ్ యంత్రాల్లో చాలావాటికి తెర పైన, ఆట పేరు వెలిగే పలక కింద ఉండేది. ఇంట్లో కట్టేవాళ్లకూ అదే ఉత్తమం. కానీ ఆ చోటు చెక్క కోయకముందే నిర్ణయించుకోవాలి. మానిటర్ బిగించేశాక అక్కడ రంధ్రం వేయాలంటే రంపపు పొట్టంతా తెర వెనక చేరుతుంది, చెక్క అంచూ పెచ్చులూడుతుంది.

బిగించే తీరూ ముఖ్యమే. స్పీకరు పొర ముందుకు కదిలినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిసే దారి ఉంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముందుగా దెబ్బతినేది బేస్. అందుకే కొన్న స్పీకర్ల ప్లాస్టిక్ డబ్బాను విప్పి పారేయకూడదు. దాన్ని అలాగే ఉంచి, చెక్కకూ డబ్బాకూ మధ్య చుట్టూ ఫోమ్ టేప్ అంటించి నొక్కి బిగిస్తే సందు మూసుకుపోతుంది, గలగలమనే చప్పుడూ ఉండదు. వెనక వైపు బేస్ కోసం రంధ్రమో, కదిలే పొరో ఉన్న మోడలైతే అక్కడ రెండు మూడు అంగుళాల ఖాళీ వదలాలి.

అసలు తలనొప్పి కరెంటుతో వస్తుంది. స్పీకర్ల యూఎస్‌బీ వైరును నేరుగా రాస్ప్‌బెర్రీ పై పోర్టులో గుచ్చేయడం అందరికీ తట్టే మొదటి ఆలోచన. తర్వాత ఆట మొదలుకాక ముందే ఒక సన్నటి రొద వినిపిస్తుంది. ఆటల జాబితాను పైకీ కిందికీ జరుపుతుంటే ఆ రొద కూడా ‘జిర్ర్, జిర్ర్’మని మారుతుంది. తెర ఆగితే అదీ సద్దుమణుగుతుంది. ఈ లక్షణం కనిపించిందంటే తప్పు స్పీకరుది కాదని తేలినట్టే. కంప్యూటరూ స్పీకరూ ఒకే 5 వోల్టుల సరఫరా మీద ఉన్నాయి, ఆడియో వైరు ద్వారానూ వాటి గ్రౌండ్ కలిసింది. ప్రాసెసర్ లాగే కరెంటు మారినప్పుడల్లా ఆ ఉమ్మడి గ్రౌండ్ వైరులో అతి చిన్న వోల్టేజీ పుడుతుంది. యాంప్ దాన్నీ సంగీతమనే అనుకుని పెద్దది చేస్తుంది.

విరుగుడు ఖరీదైనదేం కాదు. స్పీకర్లకు విడిగా మంచి 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వాలి. అయినా రొద పోకపోతే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టాలి. అందులో ఉండేవి రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. శబ్దం దాటుతుంది, గ్రౌండ్ బంధం తెగిపోతుంది. కరెంటు విడదీయడంలో ఇంకో లాభం కూడా ఉంది. సరఫరా సుమారు 4.63 వోల్టుల కన్నా కిందికి పడిపోతే రాస్ప్‌బెర్రీ పై తన తెర మీద మెరుపు గుర్తు చూపి హెచ్చరిస్తుంది, వేగమూ తగ్గించుకుంటుంది. పెద్ద పేలుడు శబ్దం వచ్చినప్పుడే ఆట తడబడుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో ఆడియో వైరు పెట్టడానికి అసలు హెడ్‌ఫోన్ పోర్టే లేదు. దానికి యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోవాలి, లేదా మానిటర్‌కున్న ఆడియో అవుట్ నుంచి శబ్దం తీసుకోవాలి.

టంకం పెట్టడం వచ్చినవాళ్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి విడి స్పీకర్లు, పీఏఎమ్ 8403 యాంప్ బోర్డు తెచ్చుకోవచ్చు. చానల్‌కు 3 వాట్లంటారు గానీ, అది 4 ఓమ్‌ల స్పీకరుతో, శబ్దం బాగా చెదిరే స్థాయిలో కొలిచిన అంకె. వాడుకలో అంతకన్నా తక్కువే ఆశించాలి. మరొక్క జాగ్రత్త. ఈ బోర్డులో స్పీకరుకు వెళ్లే రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది. రెండు స్పీకర్ల మైనస్ తీగలను ఒకచోట కలపడం, గ్రౌండ్‌కు ముట్టించడం చేస్తే చిప్ కాలిపోవచ్చు. పాత ట్యూబ్ టీవీని తెరగా వాడేవాళ్లు అయస్కాంత కవచం ఉన్న స్పీకర్లే కొనాలి, లేకుంటే తెర మూలల్లో రంగులు మారిపోతాయి. ఎల్‌సీడీకి ఆ బెడద లేదు.

స్విచ్ సంగతి కొనేటప్పుడే చూసుకోవాలి. కొన్ని స్పీకర్లకు మెత్తగా నొక్కే పవర్ బటన్ ఉంటుంది. గోడ స్విచ్ వేసినా అవి వాటంతట అవి పలకవు, ప్రతిసారీ క్యాబినెట్ వెనక తలుపు తీసి నొక్కాల్సిందే. తిప్పితే ‘టిక్’మని ఆన్ అయ్యే పాతకాలపు నాబ్ ఉన్నవే ఇక్కడ మేలు. ఒకసారి ఆన్ చేసి వదిలేస్తే ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్‌తోపాటు అవీ ఆన్ అవుతాయి. వాల్యూమ్ మాత్రం ఆడేవాడి చేతికి అందాలి, బటన్ల పలక కింది అంచున అయితే బాగుంటుంది.

స్క్రూలన్నీ బిగించే ముందు ‘స్పేస్ ఇన్వేడర్స్’ పెట్టి వాల్యూమ్ పెంచి వినాలి. ఆ మంద్ర మోతలకు ఎక్కడ చెక్క అదురుతోందో, ఏ బటన్ గలగలమంటోందో అరచేయి ఆనిస్తే తెలిసిపోతుంది. తర్వాత ముస్తఫా ఆటతో కుడి ఎడమలు తారుమారు కాలేదని చూసుకోవాలి. చివరగా ఒక మాట. ఎవరూ ఆడనప్పుడు జనాన్ని పిలవడానికి షాపుల్లోని ఆర్కేడ్ యంత్రాలు వాటంతట అవే మోగుతుండేవి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఆ మోత వద్దనుకుంటే, పాత ఆటలను కంప్యూటర్‌లో నడిపే మేమ్ ఎమ్యులేటర్‌లో ట్యాబ్ కీ నొక్కి, డిప్ స్విచ్‌ల జాబితాలోకి వెళ్లాలి. చాలా ఆటలకు అక్కడ ‘డెమో సౌండ్స్’ అనే వరుస ఉంటుంది, దాన్ని ఆఫ్ చేస్తే సరిపోతుంది.