రైలెక్కి అరకు కాఫీ తోటల దాకా

కాఫీ తోటల వీడియోలు చాలానే చూసుంటారు. ఆ చెట్ల కింద నేల ఎలా ఉందో తెలియాలంటే మాత్రం నడిచి చూడాల్సిందే. దానికి సొంత కారు అక్కర్లేదు. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలెక్కితే సుమారు నాలుగు గంటల్లో అరకు. దారిలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది.

అరకులో విశాఖ వైపు వచ్చే ఆర్టీసీ బస్సెక్కి సుంకరమెట్టలోనో, అనంతగిరిలోనో దిగండి. అక్కడి నుంచి నడకే. పైన సిల్వర్ ఓక్, దాని మానుకు అల్లుకున్న మిరియాల తీగ, నీడలో కాఫీ. మనం అంచెల పంట అంటామే, అదే ఇక్కడ కొండవాలు మీద. తోటలోకి అడిగి వెళ్లండి. రాలిన ఆకుల్ని చేత్తో జరిపి, తడి ఎంత లోతుకుందో చూడండి. నవంబరు, డిసెంబరులో వెళ్తే వలిసె చేలు పసుపుగా పూసి ఉంటాయి. ఫొటోల కోసం వాటిని తొక్కేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది!

ఇంకో మాట. గుర్తుగా ఉంటుందని ఒక్క కాఫీ కాయ కూడా జేబులో వేసుకోవద్దు. 2025లో అరకు ప్రాంతంలో కాయ తొలిచే పురుగు బయటపడింది. ఆడపురుగు కాయలోకి దూరి గింజలోనే గుడ్లు పెడుతుంది. పైకి కనిపించేది సూదిబెజ్జమంత రంధ్రమే. ఆ కాయ ఎక్కడికి పోతే పురుగూ అక్కడికే. తోట దాటేముందు సంచి ఒకసారి దులపండి.

తిరుగు బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టర్ని అడిగి పెట్టుకోండి. చీకటిపడ్డాక ఘాట్ రోడ్డు మీద నడక వద్దు.