ట్రక్కా, హైబ్రిడ్డా, ఈవీనా? యారాడ కొండ రోడ్డు మీద లెక్కేసి చూద్దాం

సింధియా వైపు నుంచి కొండ ఎక్కి అటు దిగితే యారాడ. ఎక్కుడు, మలుపులు, దిగుడు, చివర్లో బీచ్. దూరం తక్కువే కానీ ఒక కారు బలం ఏంటో, బలహీనత ఏంటో ఈ రోడ్డు మీద బాగానే తెలుస్తుంది. వైజాగ్‌లో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ఈ మధ్య ఒకటే గొడవ. ఒకడు "డీజిల్ పికప్ ముందు మిగతావన్నీ బొమ్మలే" అంటాడు. ఇంకొకడు "హైబ్రిడ్ కొనుక్కుని ప్రశాంతంగా ఉండు" అంటాడు. మూడోవాడు "ఇంకా ఇంజిన్ ఏంట్రా, ఈవీ తీసుకో" అంటాడు.

నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లోనే అయినా, బీటెక్ ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ కొంచెం గుర్తుంది. ఆ లెక్కతో చూస్తే ముగ్గురూ కరెక్టే. కాకపోతే ముగ్గురూ వేరే వేరే ప్రశ్నలకి సమాధానం చెబుతున్నారు.

ట్రక్ వాళ్ల మాట: బరువు లాగాలి

మనకి ట్రక్ అంటే పోర్టుకి వెళ్లే లారీ గుర్తొస్తుంది. కార్ల వాళ్లు అనేది మాత్రం టొయోటా హైలక్స్, ఇసుజు వి-క్రాస్ లాంటి పికప్‌ల గురించి. వి-క్రాస్ మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతుంది. దాని 1.9 లీటర్ డీజిల్ ఇంజిన్ టార్క్ 360 న్యూటన్ మీటర్లు. హైలక్స్ ఆటోమేటిక్‌లో అయితే 500. టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం. డీజిల్‌లో ఈ బలం 2,000 ఆర్‌పీఎం దగ్గర్లోనే వచ్చేస్తుంది కాబట్టి, వెనక సామాను ఉన్నా ఇంజిన్ అరవకుండా ఎక్కుడు ఎక్కేస్తుంది.

మరి ఇబ్బంది ఎక్కడ? ఈ బళ్లకి వెనక ఉండేవి కమాన్ కట్టలు. అవి బరువు మోయడానికి చేసినవి. వెనక ఖాళీగా ఉంటే గతుకుల్లో ఎగరేస్తాయి. పొడవు 5.3 మీటర్ల దాకా ఉంటుంది. గాజువాక సందుల్లో పార్కింగ్ వెతికితే తెలుస్తుంది దాని కథ. నిజంగా బరువు వేసేవాళ్లకి ఇది బెస్ట్. ఫోటోల కోసం అయితే ఖరీదైన సరదా.

హైబ్రిడ్ వాళ్ల మాట: వృథా పోకూడదు

ఇక్కడ చిన్న లెక్క. 1,500 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి దాదాపు 0.4 యూనిట్ల శక్తి కావాలి. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. మామూలు కారులో దిగేటప్పుడు ఈ శక్తి అంతా బ్రేకుల్లో, ఇంజిన్‌లో వేడిగా పోతుంది. హైబ్రిడ్‌లో అదే మోటార్ జనరేటర్‌గా మారి, అందులో కొంత భాగాన్ని బ్యాటరీకి పంపిస్తుంది. సిటీ ట్రాఫిక్‌లో బ్రేక్ వేసిన ప్రతిసారీ జరిగేది కూడా ఇదే. అందుకే హైబ్రిడ్‌కి హైవే కంటే సిటీలోనే ఎక్కువ లాభం.

కానీ ఆ బ్యాటరీ చాలా చిన్నది. మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 0.76 యూనిట్లే. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌లో పట్టేది దాదాపు 19 వాట్ అవర్లు. అంటే ఈ కారు బ్యాటరీ 40 ఫోన్లతో సమానం. అరకు ఘాట్ లాంటి పొడవైన దిగుడులో అది త్వరగా నిండిపోతుంది. ఆ తర్వాత బండిని ఆపే పని ఇంజిన్, బ్రేకులే చూసుకోవాలి.

ఇంకో విషయం. "హైబ్రిడ్" అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటార్ ఇంజిన్‌కి చిన్న సాయం మాత్రమే చేస్తుంది, కారుని ఒంటరిగా నడపలేదు. షోరూమ్‌లో "ఇది స్ట్రాంగా, మైల్డా?" అని తప్పకుండా అడగండి. డ్రైవింగ్ సరదా కోరేవాళ్ల కంప్లైంట్ కూడా నిజమే. గట్టిగా తొక్కితే శబ్దం ముందు పరిగెడుతుంది, స్పీడ్ వెనకాల వస్తుంది.

ఈవీ వాళ్ల మాట: ఇంజినే అక్కర్లేదు

ఎలక్ట్రిక్ మోటార్‌కి ఆర్‌పీఎం పెరిగేదాకా ఆగాల్సిన పని లేదు. ఆగి ఉన్న బండికి మొదటి క్షణం నుంచే పూర్తి టార్క్ ఉంటుంది. మలుపు తిరిగాక ఎక్కుడులో గేర్ వెతుక్కోనక్కర్లేదు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఈవీ తీసుకుంటే, అది దాదాపు 2,300 ఫోన్లతో సమానం. దిగుడులో వచ్చే శక్తికి కావాల్సినంత చోటు ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ 100 శాతం ఛార్జ్ చేసి దిగడం మొదలుపెడితే, నిండిన బ్యాటరీ ఇంకా తీసుకోలేదు, రీజెన్ బ్రేకింగ్ తగ్గిపోతుంది. పైన 85 శాతం దగ్గర ఆపేయడం మంచిది.

హైవే మీద కథ వేరు. 80 నుంచి 100 స్పీడ్‌కి వెళ్తే గాలి ఒత్తిడి 56 శాతం పెరుగుతుంది. కిలోమీటరుకి 150 వాట్ అవర్లు తాగుతుందనుకుంటే, 45 యూనిట్లకి వచ్చేది 300 కిలోమీటర్లు. విజయవాడ దాదాపు 350. దారిలో ఒక ఛార్జింగ్ తప్పదు.

అసలు లెక్క డబ్బుల దగ్గర

స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మా పెదనాన్న, వచ్చిన డబ్బులో కొంత కారుకి పెడదామనుకుంటున్నారు. ఇది బహుశా ఆయన కొనే చివరి కారు. తిరిగేది నెలకి 600 కిలోమీటర్లు, అంటే ఏడాదికి 7,200. పెట్రోల్ లీటరు 110, కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకుందాం.

మామూలు పెట్రోల్ కారు, 14 మైలేజ్: ఏడాదికి దాదాపు 56,500 రూపాయలు.
స్ట్రాంగ్ హైబ్రిడ్, 21 మైలేజ్: దాదాపు 37,700.
ఈవీ, ఛార్జింగ్ నష్టంతో కలిపి 1,200 యూనిట్లు: 9,600.

పెట్రోల్ కారు కంటే మిగతా రెండూ 3 లక్షలు ఎక్కువ అనుకుంటే, ఆ తేడా రాబట్టడానికి హైబ్రిడ్‌కి 16 ఏళ్లు, ఈవీకి ఆరేళ్లు చిల్లర పడుతుంది. దీనికి పన్ను కూడా ఒక కారణం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈవీకి జీఎస్టీ 5 శాతం, 4 మీటర్లు దాటిన హైబ్రిడ్‌లకి 40 శాతం. రోజూ 50, 60 కిలోమీటర్లు సిటీలో తిరిగేవాళ్లకి మాత్రం హైబ్రిడ్ లెక్క చాలా త్వరగా తేలుతుంది.

అయితే ఈవీకి చూపించిన 9,600 ఇంట్లో ఛార్జింగ్ చేసుకుంటేనే. బయట ఫాస్ట్ ఛార్జర్ మీదే బతికితే ఆ లాభం బాగా తగ్గుతుంది. పెదనాన్న ఉండేది రెండో అంతస్తు ఫ్లాట్‌లో, కారు పెట్టేది కింద సెల్లార్‌లో. కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే ఈవీ ఛార్జ్ చేసుకోవచ్చు. మీటర్ నుంచి పార్కింగ్ దాకా సరైన వైరు, ఎర్తింగ్, విడిగా ఎంసీబీ ఉండాలి. 3.3 కిలోవాట్ల ఛార్జర్‌తో ఖాళీ బ్యాటరీ నిండటానికి 14, 15 గంటలు పడుతుంది. రోజుకి 20 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి గంటన్నర చాలు.

అందుకే "ఏ కంపెనీది తీసుకోమంటావురా?" అని ఆయన అడిగితే, "కంపెనీ తర్వాత చూద్దాం పెదనాన్నా, ముందు అసోసియేషన్ వాళ్లతో మాట్లాడండి" అన్నాను. పార్కింగ్‌లోకి లైన్ లాగనిస్తే ఈవీ. ఒప్పుకోకపోతే, ఆయన తిరిగే కొద్ది దూరానికి మామూలు పెట్రోల్ కారు చాలు, మిగిలిన 3 లక్షలు బ్యాంకులో ఉంటాయి. మీరూ టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లే ముందు మూడు విషయాలు రాసుకోండి. నెలకి ఎన్ని కిలోమీటర్లు, వెనక ఎంత బరువు, రాత్రి కారు పెట్టే చోట ప్లగ్ ఉందా లేదా.