కారు బేరము: ప్రకటించిన ధర, చెల్లించు ధర

అంతర్జాలములో కారు ధర చూచి షోరూమునకు వెళ్ళిన గృహస్థునకు అచ్చట మరియొక ధర వినిపించును. దానిని వెంటనే మోసమనరాదు. ప్రకటనలోనిది సాధారణముగా ఎక్స్ షోరూము ధర. అందులో జి.ఎస్.టి. చేరియుండును, జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, బీమా చేరియుండవు. 10 లక్షల రూపాయలు మించిన కారుపై డీలరు 1 శాతము ఆదాయపు పన్ను కూడ వసూలు చేయును. దానిని మన రిటర్నులో సర్దుబాటు చేసికొనవచ్చునను సంగతి చాలమంది మరతురు. ఇక ప్రకటించిన తగ్గింపులో పాత కారు మార్పిడి బోనసు కలిసియున్నచో, పాత కారు లేనివారికి అది దక్కదు.

కావున ముందుగా పద్దులన్నియు విడివిడిగా వ్రాసిన కొటేషను పుచ్చుకొనవలెను. పన్నులపై బేరము సాగదు, బీమాపై సాగును. 2018 సెప్టెంబరు నుండి కొత్త కారునకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కాని డీలరు చూపిన కంపెనీ వద్దనే కొనవలెనను నియమము లేదు. వేరొకచోటి ప్రీమియము అంకె ముందుంచినచో డీలరు స్వరము మెత్తబడుట మేమెరుగుదుము. ‘హ్యాండ్లింగు చార్జీ’ ప్రభుత్వ రుసుము కాదు; దేనికని నిర్భయముగా అడుగవచ్చును.

“కంపెనీ తగ్గింపనీయదు” అను జవాబు కూడ వినబడును. డీలర్ల తగ్గింపులకు హద్దులు పెట్టినదని మారుతీ సుజుకీ సంస్థపై 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల రూపాయల జరిమానా విధించినది. సంస్థ అప్పీలు చేసికొన్నది. ఏమైనను, పెద్ద నగరములలో ఒకే కంపెనీకి పలువురు డీలర్లుందురు. ఒకరి కొటేషను జేబులో నుంచుకొని రెండవవారి యొద్దకు వెళ్ళవచ్చును. నెలాఖరైనచో మరింత మేలు; అమ్మకముల లెక్క పూరింపవలసిన తొందర అప్పుడు వారిది.